ఉగాది సాయంత్రం, ఇరవై తొమ్మిదో రోజా: నెల్లూరులో ఒక వంటావిడ సేవపై సమీక్ష

2025లో ఉగాది మార్చి 30వ తేదీన, ఆదివారం నాడు వచ్చింది. అదే రోజు రంజాన్ నెలలో ఇరవై తొమ్మిదో ఉపవాసం. సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడే పండుగ, కనిపించకపోతే ఇంకొక రోజా. కతోలిక క్రైస్తవులకు అది ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసాల కాలమైన తపస్సుకాలంలో నాలుగో ఆదివారం. వి.ఆర్. కాలేజీలో కలిసి చదువుకున్న మేం నలుగురం ఏడాదికి ఒక్క పూటైనా కుటుంబాలతో కలిసి భోంచేయాలని ఎప్పుడో పెట్టుకున్న నియమం ఒకటి ఉంది. ఈ ఏడు నలుగురికీ కుదిరిన పూట అదొక్కటే. ఒకరికి పొద్దున్నే పండుగ అయిపోయింది, ఒకరు తెల్లవారుజాము నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు, మరొకరు ఈస్టరు వరకు మాంసం, తీపి మానుకున్నారు. ఈ ముగ్గురినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి, ఎవరూ మొహమాటపడకుండా కడుపునిండా పెట్టగల వంటవారు కావలసి వచ్చింది. అలా దొరికిన ఒక వంటావిడ సేవ గురించి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. అంతకుముందు రెండుసార్లు మేం ఈ పనిని ఒక పెద్ద క్యాటరింగు సంస్థకు అప్పగించి దెబ్బతిన్నాం. శాకాహారం వేరుగా ఉండాలంటే "ఉంటుంది సార్" అన్నారు. వంట నిజంగానే వేరుగా చేశారు కూడా, కాని వడ్డించే కుర్రవాడు కోడికూరలో తిప్పిన గరిటెనే తీసుకువచ్చి పప్పులో ముంచాడు. రెండోసారి ఇఫ్తార్ వేళకు రావాలని చెబితే, అది రాత్రి భోజనానికి పెట్టిన ఇంకో పేరనుకున్నారేమో, ఏడున్నరకు వ్యాను దిగింది. మా మిత్రుడు అప్పటికి రెండు ఖర్జూరాలు, చెంబెడు నీళ్లతో సరిపెట్టుకుని మాతో కబుర్లాడుతున్నాడు. వారి వంటకు వంక పెట్టనవసరం లేదు. చెప్పిన మాట చెవిన వేసుకునే ఓపికే వారికి లేకపోయింది.

ఈసారి మా ఇంటావిడ తనకు తెలిసిన ఒకామె పేరు చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. రాయవద్దని ఆవిడే అడిగారు. సంతపేటలో తన ఇంటి వెనుక వసారాలో రెండు గ్యాసు పొయ్యిలు, ఒక కట్టెల పొయ్యి పెట్టుకుని, ఇద్దరు ఆడవాళ్ల సాయంతో వంట చేసి పంపుతారు. బోర్డు లేదు, అచ్చువేసిన మెనూ కాగితం లేదు. నెలకు ఇన్ని విందులకన్నా ఎక్కువ ఒప్పుకుంటే చేతులు ఆడవని, పేరు బయటపడితే కాదనలేక అవస్థ పడాల్సి వస్తుందని ఆవిడ భయం. ఆ వీధుల్లో గంజి చేసే అక్క ఎవరని అడిగితే చెబుతారు. కావలసినవారికి ఆ గుర్తు చాలు.

ఈ సేవలో నాకు అన్నింటికన్నా నచ్చినది వంట మొదలుకాకముందే జరిగింది. పద్నాలుగు మందికి భోజనం కావాలని ఫోన్ చేసి నేను విషయం చెప్పగానే ధర చెబుతారనుకున్నాను. ఆవిడ ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. "అన్నా, రోజా ఉండేవాళ్లు ఎంతమంది, వాళ్లతో కూర్చునేవాళ్లు ఎంతమంది?" అన్నది మొదటి ప్రశ్న. ఉపవాసం ఉన్నవారికి గంజి రెండోసారి కూడా వేయవలసి వస్తుందని, తక్కినవారు గ్లాసెడుతో ఆపుతారని ఆవిడ లెక్క. నలుగురు ఉపవాసం ఉంటారని చెప్పాను. తరువాత మాస్టారి (మాలో తపస్సుకాలం పాటించే మిత్రుడి) సంగతి అడిగారు. "తీపి మానుకున్నది ఈస్టరుదాకానా, మంచి శుక్రవారందాకానా? ఆదివారం మినహాయింపు పెట్టుకున్నారా?" ఆ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, మాస్టారికి ఫోన్ చేసి కనుక్కుని చెప్పవలసి వచ్చింది.

మూడో ప్రశ్న దగ్గర నేను కాసేపు మాట్లాడలేకపోయాను. "ఉగాది పచ్చడి దేవుడికాడ పెట్టి తెచ్చేదా, పెట్టకుండా తెచ్చేదా అన్నా? నైవేద్యం పెట్టింది సాయిబుల్లో కొంతమంది తింటారు, కొంతమంది తినరు. ఆయన్ని అడిగి ఇబ్బంది పెట్టబాకండి. నేనే రెండు డబ్బాల్లో తెస్తా, ఏది ఎవరిదో వాళ్లకే తెలుస్తుంది." ఇన్నేళ్ల స్నేహంలో మా మిత్రుడు మా ఇంట ఉగాది పచ్చడి ఎప్పుడూ చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, పిల్లలకు పెట్టేవాడు. చేదు పడదు కాబోలని మేం అనుకునేవాళ్లం.

మా ఇల్లు రంగనాయకులపేటలో ఉంది. మిద్దె మీద చాపలు, నాలుగు బల్లలు వేసి, పడమటి వైపు ఖాళీగా ఉంచాం. నెలవంకను చూడాలి కదా. సాయంత్రం ఐదున్నరకు వస్తామన్న ఆటో ఆరు దాటాక వచ్చింది. ఇది మొదటి లోపం, చిన్నది కాదు. నెల్లూరులో ఆనాడు పొద్దుగూకేది ఆరుంబావు దాటిన కాసేపటికి. ఆ అరగంటా నేను మెట్లు దిగుతూ, ఎక్కుతూ ఉన్నాను. గంజి గుండిగ ఒలకకుండా ఆటోను నిదానంగా నడిపించాల్సి వచ్చిందని ఆవిడ చెప్పిన కారణం నిజమే కావచ్చు, మూతకు చుట్టూ తడిగుడ్డ చుట్టి కట్టిన తీరు చూస్తే నమ్మబుద్ధి అయింది కూడా. కాని గుండిగ బరువు ముందురోజు తెలియనిదేమీ కాదు, ఆ మేరకు ముందే బయలుదేరవలసింది.

సామాను రెండు వాటాలుగా వచ్చింది. ఒక వాటాలో పచ్చడి డబ్బాలు, గంజి, సమోసాలు. రెండో వాటాలో అన్నాలు, కూరలు, తీపి. రెండో వాటా గిన్నెలను ఒకదాని మీద ఒకటి పేర్చి, దుప్పటి చుట్టి, పైన ఒక కాగితం గుచ్చారు. దాని మీద ఆవిడ చేతిరాతతో "నమాజు అయినాక మూత తీయండి" అని ఉంది. ఖర్జూరంతో ఉపవాసం విడిచినవారు మొదట నమాజుకు లేస్తారని, ఆ పది పదిహేను నిమిషాల్లో మిగతావారు మూతలు తీసి గెలికితే వారు తిరిగి వచ్చేసరికి అన్నం చల్లారుతుందని తెలిసిన మనిషి రాసిన మాట అది. మేమందరం అలాగే ఆగాం. ఒంగోలు నుంచి వచ్చిన మా నాలుగో మిత్రుడొక్కడే దుప్పటి అంచు ఎత్తి వాసన చూశాడు.

పచ్చడి గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య బజారులో దొరికే ఉగాది పచ్చడి బెల్లం పానకానికి మామిడి ముక్కలు తగిలించినట్టు ఉంటుంది. ఈవిడ వేపపువ్వును ఆ పొద్దున కోయించి, తెల్లగుడ్డ మీద ఆరబోసి, అరచేతుల మధ్య నలిపి, ఊది కాడలు పోగొట్టారట. అందువల్ల పచ్చడిలో రేకులు మాత్రమే ఉన్నాయి; పంటికింద ఈనె ఒక్కటి కూడా తగలలేదు. చింతపండు కొత్తది, అందుకే రంగు లేతగా ఉంది. మిరియం కాకుండా పచ్చిమిరపకాయను సన్నగా తరిగి వేశారు. నోట్లో వేసుకోగానే బెల్లం, పులుపు కలిసి వస్తాయి, మామిడి ముక్క కొరికినప్పుడు తొక్కలోని వగరు నాలుక అంచుల్ని పట్టుకుంటుంది, మింగేశాక చేదు గొంతులో మెల్లగా విడుస్తుంది. ఉప్పు మాత్రం వెతుక్కోవలసి వచ్చింది. షడ్రుచుల్లో ఒకటి తగ్గిందని ఒంగోలు మిత్రుడు తప్పు పట్టాడు, నేను కాదనలేను.

డబ్బాల మీద అంటించిన చీటీలు చూసి అందరం నవ్వుకున్నాం. ఒకదాని మీద "నైవేద్యానికి" అని, రెండోదాని మీద "నేరుగా నోటికి" అని ఉంది. మా కంట్రోలరు (ఆర్టీసీలో పనిచేసే మిత్రుణ్ణి కాలేజీ రోజుల నుంచి కాకపోయినా ఉద్యోగం వచ్చినప్పటి నుంచి మేం అలాగే పిలుస్తాం) అజాన్ వినిపించగానే ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, "నేరుగా నోటికి" డబ్బా దగ్గరకు లాక్కుని రెండు గరిటెలు తిన్నాడు. చేదు అతనికి బాగానే పడింది. ఎవరూ ఏమీ అనలేదు, అతనూ ఏమీ అనలేదు. వాళ్ల ఆవిడ మాత్రం డబ్బా మీది చీటీని ఊడదీసి మడిచి పర్సులో పెట్టుకున్నది.

ఇక గంజి. రంజాన్ నెలలో మసీదుల దగ్గర పంచే గంజిని నెల్లూరులో మతంతో పనిలేకుండా అందరూ క్యారేజీలు పట్టుకెళ్లి తెచ్చుకుంటారు కాబట్టి దాని రుచి ఇక్కడివారికి కొత్త కాదు. మామూలుగా అందులో ఖీమా పడుతుంది. మా షరతుల వల్ల ఈవిడ మాంసం లేకుండా చేశారు. బియ్యపు నూక, వేయించిన పెసరపప్పు, వెల్లుల్లి, గుప్పెడు మెంతులు వేసి మెత్తగా ఉడికించి, దించే ముందు కొబ్బరిపాలు పోసి, నేతిలో ఉల్లిపాయ ఎర్రగా వేయించి పైన వేశారు. మెంతులు ముందురోజు నానబెట్టినవి కావడం వల్ల చేదు పోయి, ఉబ్బి, నోట్లో మెత్తగా చిదుగుతున్నాయి. పదమూడు గంటలకు పైగా ఖాళీగా ఉన్న కడుపుకు ఇంతకన్నా సున్నితమైన ఆహారం ఉండదు. పల్చన కూడా సరిగ్గా కుదిరింది: గ్లాసుతో తాగవచ్చు, అలాగని అడుగున నూక మిగలదు. మా ఇంటావిడ ఆ రాత్రే దాని కొలతలు రాసుకుంది. పద్నాలుగు మందిమి కలిసి గుండిగ ఖాళీ చేశాం. ఉపవాసం ఉన్న నలుగురికన్నా లేని పదిమందిమే ఎక్కువ తాగామని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. ఆవిడ లెక్క తప్పింది అక్కడ ఒక్కచోటే.

మిగతా వంటకాలను త్వరగా ముగిస్తాను. ఉల్లి సమోసాలు కరకరలాడుతూ ఉన్నాయి. అలసంద వడలు చల్లారి గట్టిపడ్డాయి. ఆటోలో అరగంట ప్రయాణం చేసే వస్తువు కాదది, మెనూలో ఉండకూడదు. మామిడికాయ పులిహోర, కొబ్బరి అన్నం రెండింట్లో పులిహోర గెలిచింది. మామిడికాయ పప్పు, పులిహోర రెండూ పులుపే కావడం వల్ల నాలుకకు విశ్రాంతి లేకపోయింది, ఒకటి మార్చమని మేమే చెప్పవలసింది. గుత్తివంకాయలో నువ్వుల పొడి ఎక్కువై కూర కన్నా కారప్పొడిలాగా అనిపించింది. చారు బాగుంది. సేమ్యా పాయసం మరీ పల్చన.

తీపి దగ్గర ఒక తగవు లేచింది. పళ్లెం మీది చీటీలో "పోళీలు" అని రాసి ఉంది. ఒంగోలు మిత్రుడు అవి బొబ్బట్లని పట్టుబట్టాడు. నాకు తెలిసినవారిలో కొందరు ఓళిగలంటారు, కొందరు భక్ష్యాలంటారు. ఒకే పూర్ణం, ఒకే పెనం, ఇన్ని పేర్లు ఉన్న వంటకాన్ని నాలుగు ఊళ్ల సంబంధాలు కలిసిన ఇంట్లో మూతి ముడుచుకోకుండా వడ్డించడం కష్టమే. తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి కాబట్టి తీర్పు నన్ను చెప్పమన్నారు. చేసిన చేయి ఏ పేరు రాస్తే అదే పేరని చెప్పి తప్పించుకున్నాను. పేరు ఏదైనా అంచులు మందంగా ఉన్నాయి, నడుమ మాత్రం వెన్నలా ఉన్నాయి. నెయ్యి వాసన అసలుది.

మాస్టారు పోళీ తినవచ్చా, తినకూడదా అన్నది ఇంకా పెద్ద తగవు. అతను మా ఊళ్లోనే ఒక బడిలో ఇంగ్లీషు చెబుతాడు. తపస్సుకాలం మొదలయ్యే విభూతి బుధవారం మార్చి 5. ఆనాటి నుంచి ఈస్టరు ముందురోజు, ఏప్రిల్ 19 వరకు వేళ్ల మీద లెక్కపెడితే నలభై ఆరు రోజులు వస్తాయి. తపస్సుకాలం నలభై రోజులని కదా చెబుతారు, మిగిలిన ఆరు రోజులు ఎక్కడికి పోయాయని కంట్రోలరు నిలదీశాడు. ఆరు ఆదివారాలు లెక్కలో చేరవని, ఆదివారం పునరుత్థానాన్ని తలుచుకునే రోజు కాబట్టి ఉపవాసం ఉండదని మాస్టారు వివరించాడు. అయితే ఈ రోజు ఆదివారమే కదా, తినమని నలువైపుల నుంచి ఒత్తిడి పెరిగింది. తాను మొక్కుకున్నప్పుడు ఆదివారాల్ని మినహాయించలేదని అతను మెత్తగా చెప్పాడు. అప్పుడు మూడో చీటీ బయటపడింది: "మాస్టారికి, తీపి లేనిది". చిన్న గిన్నెలో ఉప్పు, మిరియాలు, జీలకర్ర వేసి నేతిలో కలిపిన కట్టెపొంగలి. ఫోనులో మినహాయింపు లేదని నేను చెప్పిన మాటను ఆవిడ గుర్తుపెట్టుకున్నారు. తీపి మానుకున్నవాడికి పండుగ పూట ఏదో ఒక ప్రత్యేకమైనది ఉండాలన్న ఆలోచనకు నేను వేరుగా మార్కులు వేస్తున్నాను.

ఆ గిన్నె ఖాళీ చేస్తూ మాస్టారు చెప్పిన సంగతి ఆ సాయంత్రం మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయింది. తపస్సుకాలాన్ని ఇంగ్లీషులో లెంట్ అంటారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు వసంతం అని అర్థమట. పగళ్లు పొడుగయ్యే కాలమని దాని మూలం. మరి ఉగాదితో మొదలయ్యేది వసంత ఋతువే కదా అని మేమంటే, కంట్రోలరు తన మాట తాను తెచ్చాడు. రోజా అన్నది పారసీక పదం, రోజ్ అంటే పగలు. పగలంతా ఉండే ఉపవాసం కాబట్టి రోజా. మనం "రోజూ" అంటూ దినానికి పదిసార్లు వాడే తెలుగు మాట కూడా ఆ ఇంటిదే. ఖర్జూరం మాత్రం సంస్కృతం, అతను ఖజూర్ అనేది దాని నుంచి వచ్చినదేనని నేను బదులు తీర్చుకున్నాను. దర్గామిట్ట అన్న పేరులో దర్గా వాళ్లది, మిట్ట మనది అని ఎవరో అన్నారు. ఆ పేటలో పుట్టి పెరిగిన కంట్రోలరు భార్య "రెండూ మావే" అని మాట తుంచేసింది. ఇవన్నీ వంట సమీక్షలో ఎందుకని చదువరులకు అనిపించవచ్చు. వేళకు ఆకలి తీరి, ఎవరి పళ్లెంలో ఏముందో అని ఎవరూ తడుముకోనవసరం లేనప్పుడే బంతిలో ఇలాంటి మాటలు పుడతాయి. వెనకటి రెండు విందుల్లోనూ మేం మాట్లాడుకున్నదల్లా గరిటె గురించి, వ్యాను గురించి.

ఆనవాయితీగా పంచాంగం నేను చదివాను. విశ్వావసు నామ సంవత్సరం, అరవయ్యింటిలో ముప్పై తొమ్మిదోది. ఉగాది ఏ వారం వస్తే ఆ వారానికి అధిపతి ఆ ఏటికి రాజు. ఆదివారం వచ్చింది కనుక రాజు సూర్యుడు. నెల్లూరికి ఏ ఏడు మాత్రం సూర్యుడు రాజు కాడని ఒంగోలు మిత్రుడు అన్నాడు. కంట్రోలరు తన రాశి ఏదో తెలియకపోయినా పేరులో మొదటి అక్షరాన్ని బట్టి ఆదాయ వ్యయాలు చూపించుకుని, వ్యయం ఎక్కువ ఉందని తెలిసి మర్నాటి పండుగ బజారు ఖర్చును అందులో జమకట్టాడు. శివకేశవుల భేదం లేని హరిహరనాథుడికి భారతాన్ని అంకితమిచ్చిన తిక్కన మన ఊరివాడు కనుకనే ఇలాంటి బంతి ఇక్కడ సాగుతుందని నేను కొంచెం ఉపన్యాస ధోరణిలో అనబోతే, పప్పు ఇటు జరపమని పక్కనుంచి కేక వినిపించింది.

నెలవంక ఆరున్నర దాటాక కనిపించింది. ఒంగోలు మిత్రుడి చిన్నకూతురు మొదట చూసింది: పడమట, నీళ్ల ట్యాంకుకు పైన, గోరు కత్తిరించినంత సన్నగా. అమావాస్య వెళ్లిన మర్నాడు మనకు చైత్ర శుద్ధ పాడ్యమి. ఆ సాయంత్రం కనిపించే వంకతో వారికి షవ్వాల్ నెల మొదలు. రెండు పంచాంగాలూ ఒకే చంద్రుణ్ణి పట్టుకుని వేలాడుతున్నాయన్న సంగతి పుస్తకంలో చదివిన వాణ్ణే అయినా, మిద్దె మీద నిలబడి ఒకే వేలితో ఇద్దరి కొత్త నెలను చూపించుకోవడం వేరు. "చాంద్ ముబారక్" అని కంట్రోలరు అందరినీ కౌగిలించుకున్నాడు. కాసేపటికి మసీదు మైకులో ప్రకటన కూడా వచ్చింది. వాళ్ల ఆవిడ అప్పటికే చిన్నబజారులో ఏ కొట్టు ఎంతసేపు తెరిచి ఉంటుందో లెక్కవేస్తున్నది.

ఆ హడావిడిలో సామాను సర్దుతుంటే అడుగున ఇంకొక హాట్‌ప్యాక్ దొరికింది. దాని మీద చీటీ: "వంక కనపడకపోతే సహరీకి". మూత తీస్తే నలుగురికి సరిపడా పెరుగన్నం, పైన దానిమ్మ గింజలు, పక్కన అరిటాకు ముక్కలో నిమ్మకాయ ఊరగాయ. నెలవంక కనిపించకపోతే మర్నాడు ముప్పయ్యో రోజా అవుతుంది. ఆ రాత్రి విందు తిని ఆలస్యంగా ఇంటికి వెళ్లిన మనిషి తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంట చేసుకోవాలి. దీన్ని మేం అడగలేదు, దీనికి ఆవిడ డబ్బు కూడా వేయలేదు. పాలు ఎక్కువ పోసి, తోడు తక్కువ వేసి కలిపారు, తెల్లవారేసరికి సరిగ్గా పులిసేలా.

ధర పద్నాలుగు మందికి మనిషికి రూ. 240 చొప్పున రూ. 3,360, ఆటోకు రూ. 200. ముందుగా రూ. 1,000 ఇవ్వాలి. రసీదు ఉండదు, క్యాలెండరు కాగితం వెనుక రాసిన లెక్కే రసీదు. ఆఫీసు విందులకు బిల్లు కావలసినవారికి ఇది కుదరదు. వడ్డించే మనుషుల్ని పంపరు, మనమే వడ్డించుకోవాలి. అరిటాకులు పంపుతామని చెప్పి కాగితపు పళ్లేలు పంపారు, అవి చారుకు నానిపోయాయి. ఆ సంగతి చెబితే ఆవిడ కాదనలేదు, పొద్దున పండుగ గిరాకీకి బజారులో ఆకు దొరకలేదన్నారు. గిన్నెలు మర్నాడు కుర్రవాడు వచ్చి తీసుకెళ్తాడు, లెక్క కచ్చితంగా చూస్తాడు. ఆలస్యానికి, ఆకులకు, వడలకు కలిపి ఒక మార్కు తీసేసి ఐదింట నాలుగు ఇస్తున్నాను. ప్రశ్నలు అడిగే పద్ధతికి విడిగా మార్కులు ఉంటే మొత్తం ఐదూ ఇచ్చేవాణ్ణి.

ఇలాంటి విందు తలపెట్టినవారు ఆలస్యం చేయకపోవడం మంచిది. 2026లో ఉగాది మార్చి 19న వస్తుంది, రంజాన్ పండుగ కూడా దాని వెనుకే ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. ఆ తరువాత జత విడిపోతుంది. మన చాంద్రమానం సుమారు మూడేళ్లకొకసారి అధికమాసం వేసి ఋతువులతో సరిపెట్టుకుంటుంది. ముస్లింల హిజ్రీ లెక్కలో అధికమాసం లేదు, అందుకే వారి పండుగలు ఏటా పదకొండు రోజుల మేర ముందుకు జరుగుతాయి. 2026లో అధిక జ్యేష్ఠం పడుతున్నందువల్ల 2027 ఉగాది ఏప్రిల్ 7కు వెళ్తుంది, రంజాన్ పండుగ మార్చి రెండో వారానికి వచ్చేస్తుంది. ఈ రెండు మూడేళ్ల వరుసకు ముందు ఇవి ఇలా పక్కపక్కన వచ్చింది 1990ల మొదట్లో, మేం కాలేజీలో ఉన్నప్పుడు. మళ్లీ ఇలా కలిసేసరికి ముప్పై ఏళ్లు దాటుతుంది, అప్పటికి మాలో పోళీ కొరకగల పళ్లు ఎవరికుంటాయో తెలియదు. వచ్చే ఉగాదికి నేను ఇప్పుడే చెప్పి పెట్టాను. వారం ముందు చెబితే చాలదు, నెల ముందు చెప్పాలి. ఐదింటికే సామాను మిద్దెక్కాలని, వడలు వద్దని, ఉప్పు చూసుకోమని కూడా చెప్పాను. "ఉప్పు తక్కువైందని ఎవరన్నా అన్నది, ఒంగోలాయనేనా?" అని ఆవిడ అడిగారు.

సహరీకి పంపిన పెరుగన్నం ఆ రాత్రి ఎవరూ ఇంటికి పట్టుకెళ్లలేదు. సోమవారం పొద్దున ఏడింటికి, దర్గామిట్టలో కంట్రోలరు ఇంటికి పండుగకు బయలుదేరే ముందు, నేనూ మా ఇంటావిడా ఆ హాట్‌ప్యాక్‌ను మధ్యలో పెట్టుకుని తిన్నాం. నిమ్మకాయ ఊరగాయ ఒక్క బద్ద మిగిల్చి, గిన్నె కడిగి, లెక్కకోసం గుమ్మం దగ్గర పెట్టాం. కుర్రవాడు వచ్చి అన్నీ ఎంచి, ఒక మూత తక్కువైందన్నాడు. అది "నేరుగా నోటికి" డబ్బాది. కంట్రోలరు ఇంట్లో, మిగిలిన పచ్చడి మీద ఉంది.